చిటికెన వేలు

పొదిలి శాఖా గ్రంథాలయంలో
పుస్తకాలిచ్చే బల్ల వెనక పదకొండేళ్ళుగా కూర్చుంటున్నాను.
చదివేవాళ్ళ మొహాలు నాకు గుర్తుండవు.
తిరిగొచ్చిన పుస్తకాన్ని ఒకసారి దులిపితే చాలు,
ఎవరింట్లో ఉండొచ్చిందో అదే చెబుతుంది.

డిగ్రీ కుర్రాడు మాల్యాద్రి తెచ్చిందైతే
మొదటి నలభై పేజీలే నలిగుంటాయి.
తక్కినదంతా అప్పుడే క్షవరం చేయించుకున్న మెడలా
నున్నగా.

పంక్చర్లేసే ఖాజావలి చివరి పేజీ ముందు చదువుతాడు.
"వాడు చస్తాడో బతుకుతాడో తేలాలి గదా మేడం,
ఆ తర్వాతే వాడితో నిదానంగా స్నేహం చేసేది."

వసుంధర టీచరు పెన్సిలుతో అచ్చుతప్పులు దిద్ది
ఆఖర్న మార్కులేస్తుంది.
ఆరు దాటి ఎవరికీ ఇవ్వలేదు ఇంతవరకు.

ఇప్పుడు ప్లగ్గు పక్క కుర్చీకే గిరాకీ.
ఒకడి బొటనవేలు
చేటలో బియ్యం చెరిగినంత వేగంగా కథల్ని ఎగరేస్తుంది.
ఇంకొకడు చెవుల్లో వైర్లు పెట్టుకుని
కళ్ళు మూసుకుని నవల వింటాడు;
నిద్రో, చదువో ఆ గురకే తేల్చాలి.
"ఇందులో మూడొందల పుస్తకాలున్నాయి మేడం"
అని ఫోను చూపిస్తాడు మరొకడు.
ఎన్ని తెరిచావబ్బాయ్ అని అడగబోయి ఊరుకున్నాను.
నా వెనక రెండు బీరువాల తాళంచెవులు పోయి
ఆరేళ్ళు.

మాలకొండమ్మ మాత్రం
ఏ వరసలోనూ ఇమడదు.
బ్యారన్ దగ్గర ఆకు కట్టే రోజుల్లో
ఆమె చేతులు జిగురు పట్టి నల్లగా ఉంటాయి.
చింతపండేసి రుద్దినా పోదు, మట్టేసి రుద్దినా పోదు.
అన్నం చేదు, చంటోడి బుగ్గ చేదు.
"ఆ చేతుల్తో మీ పుస్తకం ముట్టుకుంటానా"
అని పనుల కాలం మొదలు కాగానే
సగంలో ఉన్నదాన్ని తెచ్చిచ్చేసింది.

ఫిబ్రవరిలో ఓ మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది.
కుడిచేతి చిటికెన వేలికి గుడ్డపేలిక చుట్టుంది.
దెబ్బ తగిలిందా అన్నాను.
నవ్వింది.
"ఇదొక్కటీ శుభ్రంగా దాచుకుంటున్నా, ఫోను కోసం.
అదే కథ దొరికింది మేడం అందులో.
రాత్రి లైటేస్తే ఇంట్లో లేస్తారు,
ఇదైతే దుప్పట్లో చదూకోవచ్చు.
కానీ ఎక్కడ ఆపానో తెలీట్లా.
పేజీలే లేవు దాంట్లో, అంతా ఒకటే దారం.
ఆ పుస్తకం ఒక్కసారి చూపిస్తారా?"

అరలోంచి తీసి ముందు పెట్టాను.
ముట్టుకోలేదు. నన్నే తిప్పమంది.
"ఇంకా... ఇంకా... ఎడం పక్క పేజీ.
కింద టీ మరకుంటుంది చూడండి,
కుక్క చెవిలాగ.
ఆఁ, దాని పైన."

మరక పైన వాక్యం నేను పైకి చదివాను.
ఆమె పేలిక విప్పి
తెల్లగా నానినట్టున్న చిటికెన వేలితో
ఫోను అద్దాన్ని పైకి పైకి తోసింది.
పెదాలు కదులుతున్నాయి.
"దొరికింది" అంది,
సంతలో తప్పిపోయిన మేకపిల్ల కనబడ్డట్టు.
మళ్ళీ పేలిక చుట్టుకుని ఆటో ఎక్కేసింది.

పుస్తకం పాడు చేస్తే జరిమానా రాయాలి, రూలుంది.
టీ మరక ఆమెదేనని అప్పుడే గదా నాకు తెలిసింది.
రిజిస్టరు తెరిచాను.
సిరా ఆరిపోయిందని మూసేశాను.

ఆ రాత్రి నేనూ
ఫోనులో ఏదో చదువుతూ మధ్యలో ఆగి
ఆగిన చోటు గుర్తుండాలని
అద్దం మీద వేలు గట్టిగా ఒత్తి చూశాను.
ఏమీ పడలేదు.
అక్షరాలు నా వేలి కిందే వెలుగుతున్నాయి.

కాసేపటికి దానంతటదే ఆరింది.
అప్పుడు కనిపించింది,
నల్లటి అద్దం మీద
మరక.