బొటనవేలికి తెలిసిన దారి

డాబాగార్డెన్స్ సందులో జిరాక్స్ షాపు మెట్ల కింద
నాది నాలుగడుగుల రిపేరు కొట్టు.
మైలపల్లి నూకరాజు మిట్టమధ్యాహ్నం వచ్చి
చేపల వాసన వదలని పాలిథిన్ సంచి విప్పి
అరచేతిలో పట్టేంత ఆటపెట్టెను బల్ల మీద పెట్టాడు.
“ఏటైందో సూడమ్మా. ఆడతాది గానీ గురుతెట్టుకోదు.”

బోటు హార్బర్ దాటితే పదమూడు రోజులు.
డాల్ఫిన్ నోస్ మీది దీపం కనుమరుగయ్యాక
ఫోన్లో గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి.
కొత్త ఆటలన్నీ నెట్ అడుగుతాయి.
ఇది ఏమీ అడగదు.
ఇంజను పక్కన, డీజిలు డ్రమ్ముకి వీపు ఆనించి
ఒక చిన్న మనిషిని గోతుల మీంచి దూకిస్తూ ఉంటాడట.

స్క్రూలు తీశాను.
ఉప్పు.
మా ఊళ్లో ఏది విప్పినా ముందు పలకరించేది అదే,
బటన్ల కింద సన్నటి ముగ్గులా.
స్పిరిట్ పోసి పాత టూత్‌బ్రష్‌తో తోమాను.
లోపలి కార్డు పేరులేని కంపెనీది,
చచ్చిపోతూ కూడా ఎనిమిది వేల ఆటలున్నాయని బొంకుతోంది.
మెనూ అంతా చైనా అక్షరాలు.

కొత్త కార్డు పెట్టి,
ఎవరో ఎక్కడో జీతం లేకుండా రాత్రుళ్లు కూర్చుని రాసిన
ఫర్మ్‌వేర్ ఎక్కించడం మొదలెట్టాను.
కరెంటు తీయొద్దంది తెర.
నాకు చెప్తుంది సరే,
కరెంటాఫీసుకి ఎవరు చెప్తారు?
అరవై రెండు శాతం దగ్గర ఫ్యాను ఆగింది.
ఇన్వర్టరు కీచుమంటూ అందుకుంది.
తుఫాను గాలిలో చుక్కాని పట్టిన మనిషి
ఆ పచ్చ గీత కదిలేదాకా ఊపిరి వదల్లేదు.

వెలిగింది.
కంపెనీ బొమ్మ బదులు అతని బోటు నంబరు వచ్చేలా పెట్టాను,
అడక్కుండానే.
నవ్వాడు. ఆడాడు.
మూడో గోతి దగ్గర ఆపి, ఆర్పి, మళ్లీ వెలిగిస్తే
చిన్న మనిషి ఆ గట్టు మీదే నిలబడి ఉన్నాడు.

అప్పుడు చూశాను అతని బొటనవేలు.
కిందకి మూడు, కుడికి రెండు, ఒక నొక్కు.
చదవలేని అక్షరాల్లో తడుముకుంటూ నేర్చుకున్న దారి
కొత్త మెనూలో గోడకి గుద్దుకుంటోంది.
మళ్లీ కిందకి మూడు, కుడికి రెండు.
“ఇవి ఇంగ్లీషు అక్షరాలే, చదవొచ్చు కదా” అన్నాను.
“సదవొచ్చమ్మా. సదవాలి గదా మరి.”

నాలుగొందల యాభైకి నాలుగొందలిచ్చి
మిగతాది వంజరం ముక్కల్లో చూసుకోమన్నాడు.
లేచి, మళ్లీ కూర్చున్నాడు.
“పెతి ట్రిప్పూ మొదట్నించే ఆడీవోణ్ని.
వల కూడా కాళీగానే ఎల్తాది గదా అనుకునీవోణ్ని.”
నేను టంకం తీగ చుట్టలు చుట్టడం మొదలెట్టాను.

చెత్తబుట్టలోంచి పాత కార్డు అడిగి తీసుకున్నాడు.
గోరంత. పాడైంది.
దేనికని అడగలేదు.
దాన్ని బోటు లైసెన్సు అట్ట సందులో దూర్చి,
సంచి ముడేసుకుని
జగదాంబ వైపు నడిచాడు,
బొటనవేలు ఉత్త గాలిలో
కిందకి మూడు, కుడికి రెండు.