అమ్మమ్మ బతికిన వారం

జడ్జీల ఆశ్చర్యం పొద్దున్నే తీసేశాం.
ఎనిమిదిన్నరకి, ఖాళీ వేదిక ముందు
ఒకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు,
ఒకావిడ గుండె మీద చెయ్యేసుకుంది.
"ఇంకొక్కసారి మేడమ్, కాస్త ఆలస్యంగా నవ్వండి."
పాడాల్సిన పిల్ల అప్పటికింకా
కేసోన్ సిటీ స్టూడియో వెనక, మురిక్కాలవ పక్కన
నాలుగువేల పదిహేడో నంబరు ఛాతీకి అంటించుకుని
చల్లారిన అన్నం పొట్లం విప్పుతోంది.

నా పని చొక్కాలకి మైకు తగిలించడం.
పాటకంటే ముందు
గుండె చప్పుడు నా చెవిలో పడుతుంది.

జోవెలిన్ తబనావ్. సెబూ. ఎండుచేపల కొట్టు.
గొంతు బాగుందన్నారు.
గొంతులు చాలా ఉన్నాయి కూడా అన్నారు.
"ఇంట్లో ఎవరు పోయారమ్మా?"
కథల విభాగం రెనాంటె అడిగాడు, కిలో ఎంత అన్నట్టు.
ఎవరూ పోలేదంది, తప్పు చేసినదానిలా.
"నాన్న?"
"ట్రైసికిల్ తోలుతాడు."
"మరి లోలా?"
మా దగ్గర అమ్మమ్మలు ఓట్లు బాగా తెస్తారు.
"ఉంది. కాస్త మోకాళ్ళ నొప్పులు."
రెనాంటె పెన్ను మోకాళ్ళ దగ్గర ఆగింది.
అక్కణ్ణించి మెల్లగా పైకి పాకింది.

శనివారం రాత్రి దేశమంతా చూసింది
లోలా చివరి కోరిక, కొవ్వొత్తి,
స్లో మోషన్‌లో ఊగే చేపల బుట్ట.
పొద్దున తుడిచిన కళ్ళద్దాలు
సరిగ్గా పల్లవి చివర తడిశాయి.
సెబూలో, పక్కింటి టీవీ ముందు
వేయించిన అరటిపండు నములుతూ
తన చావు తనే చూసుకుంది లోలా.
"ఫొటో మంచిదే పెట్టారు," అందిట.

ఒప్పందం పదకొండో పేజీ:
ఫైనల్ అయ్యేదాకా ఆవిడ బజార్లో కనపడకూడదు.
కొట్టు మూశారు. వీధివైపు కిటికీ మూశారు.
దూరపు చుట్టాలు పూలు పంపితే
వాడిపోతాయని
తనే సీసాలో నీళ్ళు పోసి పెట్టుకుంది.

అయిదో వారం ఓట్లు పడిపోయాయి.
ఇంకో పిల్లాడికి
నిజంగానే తల్లి పోయింది.

జోవెలిన్ మైకు నేనే విప్పాను.
గుండె మామూలుగానే కొట్టుకుంటోంది,
జ్వరం దిగినవాళ్ళ గుండెలా.
వ్యాను దాకా నడుస్తూ ఫోన్ చేసింది.
సెబూ మాట నాకు సగమే వచ్చు.
ఆ సగంలో విన్నది ఇంతే:
"లోలా, రేపు కొట్టు తెరువు."