పలక రంగు

ఒంగోలు కర్నూలు రోడ్డులో
టైర్ల కొట్టు మీద మా గది.
కింద కంప్రెసర్ మొదలైనప్పుడల్లా
పైన తెర ఒకసారి జలదరిస్తుంది.

ఖాజాబీ ఆటలో కొండలు పెడుతుంది.
ఏ బండ ఎక్కడ, ఏ తుమ్మచెట్టు నీడ ఎటు పడాలి,
అదంతా ఆమె లెక్క.
ఆమె కోసం నేనొక చిన్న పనిముట్టు రాశాను:
రాళ్ళ పేర్లు, బరువులు, కొలతలు
పట్టిక వేసి చూపే కిటికీ.

తెరిచిన తొలి రాత్రే చెయ్యి అడ్డం పెట్టుకుంది.
"ఏందన్నా ఇది, నిద్రపోయే ఇంట్లో
ఎవరో ట్యూబ్‌లైట్ ఏసినట్టుంది."
నిజమే.
ఇంజన్ అంతా ముదురు బూడిద.
మధ్యలో నాది, సున్నం కొట్టిన గోడ.

ఆ రాత్రి నుంచి నేను అద్దకం పనివాణ్ణి.
ఇంజన్ తెరను ఫొటో తీసి, ఎనిమిది రెట్లు పెంచి
చుక్క చుక్కా తడిమాను.
ఎరుపు యాభై ఆరు, ఆకుపచ్చ యాభై ఆరు, నీలం యాభై ఆరు:
ముగ్గురూ సమానంగా పోట్లాడి
ఎవరూ గెలవనప్పుడు మిగిలేది.
దొండాకు పసరుతో రుద్ది ఆరబెట్టిన రంగు.
ఎంచుకున్న వరసకు మాత్రం
తెల్లారకముందు కొత్తపట్నం నీలం.
బటన్ మూలకు మూడు చుక్కల వంపు.

బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్న
మార్కాపురం పలక ముక్క తీసి
ఖాజాబీ తెరకు ఆనించి పట్టుకుంది.
"మా అబ్బా చొక్కా" అంది.
పలకల ఫ్యాక్టరీలో ఆయన మూలలు అరగదీసేవాడంట,
పిల్లల వేళ్ళు కోసుకోకుండా.
ఎన్ని చుక్కల వంపో ఆయన్నెవరూ అడగలేదు.
సాయంత్రానికి దగ్గు కూడా ఆ రంగే.

అన్నీ కుదిరాయి, అక్షరాలు కుదరలేదు.
ఇంజన్‌లో వరస ఎత్తు పద్దెనిమిది.
ఇంగ్లీషు అందులో కాళ్ళు ముడుచుకు కూర్చుంటుంది.
మన రాళ్ళకు కింద ఒత్తు వేలాడుతుంది.
రాళ్ళు అని రాస్తే రాళు అని కనపడింది.
ముళ్ళకూ, గుళ్ళకూ, వాకిళ్ళకూ
పాదాలు తెగిపోయాయి.
రెండు పూటలు స్కేలు పట్టుకుని కూర్చున్నాను.
ఇరవై నాలుగు చేశాను.
ఒత్తు నేలకు ఆనింది.

నెలయింది.
ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి
గడప తగలకుండా తిరుగుతోంది ఆమె.
ఏది ఇంజన్‌దో, ఏది నాదో అడగదు.
అడగకపోవడమే నాకు జీతం అనుకున్నాను.

నిన్న కరెంటు పోయి ఇన్వర్టర్ కీచుమంటుంటే
తెర మీంచి కళ్ళు తియ్యకుండానే అంది:
"అన్నా, నీ వరసలు కాస్త ఎడంగా ఉంటాయి."

మౌస్ మీద నా చెయ్యి ఆగింది.

"మార్చమాక.
అలిసినప్పుడు చూపు అక్కడ కూర్చుంటోంది."

కరెంటొచ్చింది.
కింద ఎవరి లారీకో గాలి కొడుతున్నారు.
పలక ముక్క బల్ల మీద కొంచెం జరిగింది.