మొదటి దోమ

భావనపాడు పాయకి పోటు ఎక్కేదాకా
పడవ కదలదన్నాడు దానేసు.
ఇంటిపేరు చీకటి.
మలేరియా ఆఫీసు రిజిస్టర్లో నేనే రాశాను:
చీకటి దానేసు, పడవ కూలీ, రోజుకి నాలుగొందలు.

నా పని దోమల్ని లెక్కపెట్టడం.
గాజు గొట్టం, పొడుగు గరిటె, దూది,
మూతికి గుడ్డ కట్టిన సీసాలు ఇరవై.
ఉప్పుమళ్ళు దాటాక దారి లేదు.

గెడ దిగినప్పుడల్లా అడుగు బురద
ఏదో చెప్పబోయి బుడగై మానుకుంటుంది.
కుళ్ళిన నాచు వాసన, రొయ్యపొట్టు వాసన.
జోరీగ ఒకటి నా చెవి చుట్టూ
అద్దె ఇల్లు చూసుకుంటోంది.
పొద్దు వాలాక మొగలి పొదల్లోంచి మసక లేచింది,
మంచనుకున్నాను,
దగ్గరికొచ్చాక పాడింది.

నేను మెడదాకా వేపనూనె.
దానేసుకి చొక్కా కూడా లేదు.
మోచేతి మీద ఒకటి వాలి
తీరిగ్గా తాగుతోంది.
గొట్టం నోట్లో పెట్టుకుని వంగాను పీల్చడానికి.
చెయ్యి అడ్డం పెట్టాడు.

"మొదల్దాన్ని ముట్టుకోను బాబూ.
ఆ తుపానప్పుడు నాలుగు రాత్రులు
సంద్రం మీదే ఉండిపోనాం.
ఇంజిను సచ్చింది. సుక్క నేదు, దిక్కు నేదు.
మా బావైతే మాటాడ్డం మానీసినాడు.
తెల్లారగట్ల నా సెవికాడ గుయ్యిమంది.
కుట్టింది.
ఓలమ్మా దోమరా, అని అరిసీసినాను!
నడిసంద్రంలో దోముంటాదేటి?
నేలున్నకాడే గదా అదుంటాది.
ఏడుపొచ్చీసింది బాబూ, కుట్టిందనీసి."

గొట్టం నా నోట్లోనే ఉండిపోయింది.
దోమ లేచింది, నిండు కడుపుతో, వంకరగా,
పెద్దపనున్నట్టు జమ్ములోకి పోయింది.

"మరి రెండోది?"

ఠప్పున కొట్టి
ఎర్రటి అరచెయ్యి చూపించాడు.
పాయంతా వినబడేలా నవ్వాడు.
తెలినీలాపురం వైపు పోతున్న కొంగలు
కాస్త పక్కకి జరిగి ఎగిరాయి.

ఆ గంటకి లెక్క నూట పద్దెనిమిది.
వదిలేసినవాటికి కాగితంలో గడి లేదు,
నేను గీయనూ లేదు.

రాత్రి టెక్కలి గదిలో చొక్కా విప్పితే
వేపనూనె ఎందుకూ పనికిరాలేదని తెలిసింది.
వీపు నిండా దద్దుర్లు.
గోకుతూ గోకుతూ
వీటిలో మొదటిది ఏదై ఉంటుందా అని
చాలాసేపు
చేత్తో తడుముతూ కూచున్నాను.