సుద్దగీత

షువైఖ్‌లో పొద్దున ఆరున్నరకే
షట్టరు చేతిని కాలుస్తుంది.
గాలి గొట్టం మెత్తబడి
నేలంతా చుట్టలు చుట్టుకుని పడుంటుంది.

ఎర్ర కామారో వచ్చి ఆగింది.
వెనక సీట్లో రెండు కొత్త టైర్లు,
రబ్బరు వెంట్రుకలింకా ఊడలేదు.
మూడువందల పదిహేను.
కుర్రాడి పేరు మిషారీ, ఇరవై దాటుంటాయి,
మీసం వద్దామా మానుదామా అని ఆలోచిస్తోంది.
"ఎక్కించు."

"రిమ్ము వెడల్పెంత?"
"పది. నేనే కొలిచా."
ఫోన్లో ఫొటో కూడా ఉంది,
టేపు ఈ అంచు నుంచి ఆ అంచుకి.
అందరూ అక్కడే తప్పుతారు.
కొలవాల్సింది అంచులు కాదు అబ్బాయ్,
లోపల, టైరు బీడ్ ఆనుకునే చోటు నుంచి
ఎదుటి చోటుకి.
పెట్టి చూపించా. తొమ్మిది.
ఒక్క అంగుళానికి ఇంత రాద్ధాంతమా
అన్నట్టు చూశాడు.

దీనికి తక్కువలో తక్కువ పదిన్నర కావాలి,
పదకొండైతే కాళ్లు చాపుకుని కూర్చుంటుంది.
తొమ్మిదిలోనా,
ముగ్గురి సీట్లో ఇరుక్కున్న నాలుగో మనిషే,
కింద నలిగిపోయి, పైన పొంగిపోయి.
ఇదంతా నాకు తెలుగులో వచ్చు.
నాకొచ్చిన అరబ్బీలో నట్లున్నాయి, బోల్టులున్నాయి, రేట్లున్నాయి,
"ఎందుకు" అంటే చెప్పే మాటలు లేవు.

అందుకని ఎక్కించాను.

గుల్‌జమాన్ సబ్బునీళ్లు పూశాడు.
టప్పుమని ఒకటి, కాసేపాగి టప్పుమని రెండోది,
గాడిలో పడ్డాయి.
గాలికి బూరెలా పొంగింది టైరు.
మిషారీ మొహమూ పొంగింది.
లావుగా ఉంది కదా అన్నాడు.
లావుగానే ఉంది.

సుద్దముక్క తీసి
ఈ భుజం నుంచి ఆ భుజం దాకా
అడ్డంగా ఒక గీత గీశాను.
నీళ్ల ట్యాంకరు దాకా పోయి రమ్మన్నాను.
వచ్చాడు. దిగాడు. వంగి చూశాడు.
నడుమ సుద్ద లేదు.
రెండు భుజాల మీదా గీత అట్లే ఉంది,
తెల్లగా, ఇప్పుడే గీసినట్టు.
దీనార్లు పోసి కొన్న రబ్బరు
నేలను ముట్టుకోనే లేదు.

నా మొదటేడు
ఇట్లాంటిదే ఒకటి, అడిగాడు కదా అని బిగించి పంపాను.
సాల్మీ రోడ్డు మలుపులో టైరు గాడి వదిలింది.
బండిని లారీ మీదేసుకుని తెచ్చారు.
రిమ్ము తారులో చాలు తీసిందన్నారు.
మనిషికేం కాలేదన్నారు.
ఆ ఒక్క మాట
మూడుసార్లు చెప్పించుకున్నాను.

మిషారీ చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు.
"ఖలాస్, తీసెయ్."

తొమ్మిదో రోజు మళ్లీ వచ్చాడు,
రెండువందల డెబ్బై అయిదులతో, అలిగిన మొహంతో.
వెనక నుంచి చూస్తే బండి సన్నబడిందట.
బిగించాను, గాలి చూశాను.
సుద్ద నా చేతిలోంచి లాక్కుని
తనే గీశాడు, కొంచెం వంకరగా.
పోయొచ్చాడు.
గీత లేదు. ఈ చివరా లేదు, ఆ చివరా లేదు.
నవ్వలేదు వాడు.
సుద్దముక్కని దిష్‌దాషా జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.
తెల్లబట్ట, మరక కూడా తెలీదు.

రాత్రి జ్లీబ్ రూములో ఈ కథ చెప్తే
మా రాయచోటి దస్తగిరి
నా కంపెనీ బూటు తిరగేసి
అడుగున అడ్డంగా సుద్ద రాశాడు.
"నడువన్యా, నీ కొలత యాడుందో చూద్దాం."
తలుపు దాకా నడిచాను.
నడుమ ఒక్క రూపాయంత చోటే చెరిగింది.
నా కాలు ఎనిమిది. వాళ్లిచ్చింది పది.
ముందరంతా పాత బనీను గుడ్డ కుక్కుకుంటాను.
గదంతా పగలబడి నవ్వారు,
నేనూ నవ్వాను.

రేపు స్టోర్లో ఎనిమిదో నంబరు అడగాలి
అనుకుంటూ పడుకున్నా.
నాలుగేళ్లుగా అనుకుంటున్నా.