చెవిలో దూది

ఎర్రగుంట్ల బండల ఫ్యాక్టరీలో
పన్నెండేండ్లు రంపం కాడ నిలబడినా.
నా కుడిచెవిని రాయి తినేసింది,
ఎడమది సగం మిగిల్చింది.
నా కడుపున పుట్టినోడికి మాత్రం
పక్కింట్లో పాలు పొంగే సప్పుడు గూడా గుచ్చుకుంటుంది.

పీరాకు నాలుగేండ్లు.
ట్యూబులైటు వేస్తే చెవులు మూసుకునేవాడు.
వెలుగుకు కండ్లు గదా మూసుకోవాల,
చెవులెందుకని రెండేండ్లు మాకు అంతుబట్టలేదు.
అది గుయ్యిమంటుందంట.
మాబున్ని ఒకనాడు స్టూలెక్కి ట్యూబు పీకేసింది.
ఆ పూట వాడు లేవకుండా
పళ్ళెం ముందర కూర్చున్నాడు.

మొండోడన్నారు. గారాబమన్నారు.
వీపున రెండు పడితే దారికొస్తాడన్నారు.
దర్గా కాడ తాయెత్తు కట్టించినాం,
ఆ దారమే మెడకు నిప్పై
తెల్లారేదాకా గీరుకున్నాడు.
దాన్ని తలుపు గొళ్ళేనికి కట్టినాం.
తలుపుకైతే ఏ బాధా లేదు.

కడపలో మేడమ్ నేలమీద
వాడి పక్కన, ఓ మూర ఎడంగా కూర్చుని చెప్పింది:
'ఇది మొండితనం కాదయ్యా, మోత.'
మోత అంటే సప్పుడు.
మోత అంటే బరువు గూడా.
తిరుగు బస్సులో ఆ ఒక్క మాటే
ఎర్రగుంట్ల దాకా నములుకుంటా వచ్చినా.

చొక్కాల మెడ కాడి చీటీలన్నీ బ్లేడుతో కోసినాం.
మిగిలిన మొదలు గుచ్చుకుంటుందని
ఇప్పుడు తిరగేసి తొడుగుతాం, కుట్లు బయటికి.
బజార్లో నవ్వుతారు. నవ్వనీ.

సంగటిలో మెతుకు తగిలితే కక్కుకుంటాడు.
బొరుగులు కావాల,
తడపనివి, ఇంకా ఉగ్గాని కానివి.
కరకరా నములుతాడు పెద్దగా.
తాను చేసే సప్పుడుకు వాడు భయపడడు.

కుక్కరు కూతేసే ముందు మాబున్ని వేలెత్తుతుంది.
వాడు వెనకింట్లోకి ఉరికి
బండమీద బోర్లా పడుకుంటాడు, చెంప ఆనించి.
నేను కోసిన బండే అది.
అంచు పగిలిందని ఓనరు ఊరికే ఇచ్చినాడు.
రంపం కింద ఎంత అరిచిందో ఆ రాయి!
ఇప్పుడు మా ఇంట్లో
దానంత నెమ్మదైంది ఇంకోటి లేదు.

మేం దూదేకులోళ్ళం. నాయన ఏకిన విల్లు
అటకమీద బూజు పట్టింది.
పరుపు ఎంత తేలికైతే అంత పేరు మా అమ్మకు.
మనవడికి బరువు బొంత కుట్టమంటే
హుస్సేనమ్మ పడీపడీ నవ్వింది.
ముందు ఇసుక పోసి కుట్టింది, రాలిపోయింది.
తర్వాత పాత చీరలో గడి గడికీ కొర్రలు పోసి,
మేడమ్ చెప్పిన తూకానికి
శెట్టి అంగట్లో రెండుసార్లు తూయించి,
మూడు మాపులు సూది దించలేదు.
ఒళ్ళో కప్పితే వాడి కాళ్ళు ఆడడం మానేసినాయి.
అమ్మ నవ్వలేదు అప్పుడు. సూదిలో దారం ఎక్కించుకుంది,
కుట్టేదేం లేకపోయినా.

అన్ని రాత్రులూ పనిచేయదు.
నిన్న చేయలేదు.
గోడకు తల కొట్టుకుంటా ఉంటే
మధ్యలో అరచెయ్యి పెట్టి కూర్చున్నా
వాడు అలిసేదాకా, నేను అలిసేదాకా.
మాట్లాడలేదు. మాట గూడా ఓ మోతే గదా.

పీర్ల పండగొచ్చింది.
పదారేండ్ల నుంచీ పీరు వెనక గుండం తొక్కినోడిని,
ఈసారి రానన్నా.
సావిడికాడ తప్పెట్లు లేచేసరికి
వెనకింట్లో దీపం తగ్గించి
నేనూ వాడూ బొంత కింద దూరినాం.
అమ్మ ఏకిన దూది ఉండలు చుట్టి
వాడి చెవుల్లో పెట్టిపోయింది.

తప్పెట్లు మా సందులోకి తిరిగినాయి.
నాకు చెవిలో కాదు,
వీపు కింది బండలో తెలుస్తా ఉంది దరువు.
వాడు నా మొగం చూసినాడు,
మామూలుగా చూడడు.
చెవిలో ఉండ తీసి, సగం తుంచి,
నా కుడిచెవిలో కుక్కినాడు వేలితో,
లోపలికి, ఇంకా లోపలికి.

అది ఎప్పుడో చచ్చిన చెవి.
నేనా మాట చెప్పలేదు.