ఆరో పేరు

బిల్లు నంబరు మందుల చీటీ వెనక రాసుకొచ్చింది నెల్డా కొమోలి.
ఏడు నడుముకి అడ్డగీత,
ఒకటనుకుని నేను పొరబడకుండా.
"వెండెల్ థ్రాషర్ ఏమన్నాడో చూసి పెట్టు.
అవునన్నాడా, కాదన్నాడా. అంతే.
ఉపన్యాసం నాకొద్దు."

మా లైబ్రరీ టౌన్ ఆఫీసు కింది గదిలో.
వెర్మాంట్‌లో అక్టోబరు చివరికే హీటర్ గొట్టాలు దగ్గడం మొదలెడతాయి.
దగ్గినప్పుడల్లా ఆమె తలెత్తుతుంది.
పదకొండేళ్ల అలవాటు.

ఎట్టోరె గ్రానైటు చెక్కేవాడు.
ఈ లోయలో సగం సమాధుల మీద అక్షరాలు అతని చేతివే.
అక్షరం కోసం రాయి వదులుకున్న పొడి
ఎవరూ చదవని చోట,
అతని ఊపిరితిత్తుల్లో పేరుకుంది.

బిల్లు అడిగింది పెద్ద కోరికేం కాదు.
షెడ్డు మూతపడినా, యజమాని చేతులెత్తేసినా
రాతిదుమ్ము రోగులకి గాలి ఖర్చు రాష్ట్రం భరించాలని.
ఎట్టోరెకి ఇక అక్కర్లేదు,
ఇంకా దగ్గుతున్న వాళ్లకి.
ఇరవై రెండు పేజీలు, అందులో నిర్వచనాలే తొమ్మిది.
"దుమ్ము అనగా" అని మొదలైన చోట
నెల్డా ఒక్కసారి నవ్వింది.

సభ రికార్డు తెరిచాను.
అవును: డెబ్బై రెండు.
కాదు: డెబ్బై రెండు.
తక్కెడ సమంగా నిలిస్తే బిల్లు పడిపోయినట్టే.
అవును వరుసలో వేలు పెట్టి దిగాను, లేడు.
కాదు వరుసలో దిగాను, లేడు.
అడుగున చిన్న అచ్చులో గైర్హాజరైన వాళ్లు.
ఆరో పేరు, థ్రాషర్.

"గోడమీది పిల్లి!" అంది.
సంచీలోంచి ఉత్తరం తీసింది. స్టాంపు కూడా అంటించే తెచ్చింది.
ఓటడగడానికొచ్చి మా వంటింట్లో రెండు కప్పుల కాఫీ తాగావని,
చెయ్యెత్తాల్సిన రోజు ముఖం చాటేశావని,
మంగళవారం నా ఓటు కోసం చూడొద్దని...
ఆమె పైకి చదువుతోంది.
నేను తేదీ చూస్తున్నాను.

మే ఏడు.

ఇక్కడ జనవరిలో పోయినవాళ్లని జనవరిలో పూడ్చరు.
నేల పలుగుకి లొంగదు.
పార దిగేంత మెత్తబడే దాకా
పెట్టె కొండవాలు గదిలో ఎదురుచూస్తుంది.
ఈ ఏడు పార దిగింది మే ఏడున.
నేనూ వెళ్లాను. చినుకులు పడుతున్నాయి.
తాళ్లు పట్టడానికి ఆరుగురు కావాలి, ఐదుగురే తేలారు.
ముందురోజు రాత్రి ఫోన్ చేసింది ఆమే:
"వెండెల్, మీ నాన్న రాయి చెక్కింది మా ఆయనే.
నువ్వొచ్చి ఒక చెయ్యి వెయ్యాలి."
సభకి తొడుక్కునే నీలం కోటుతోనే వచ్చాడు.
ఎడమవైపు, వెనక తాడు అతనిది.
తడి తాడు జారి అరచేయి ఒరుసుకుపోతే
రుమాలు అడిగింది నన్నే.

"తేదీ," అని తెర అటు తిప్పాను.
చదివింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది.
గొట్టం దగ్గింది.
ఈసారి తలెత్తలేదు.

చాలాసేపటికి: "అక్కడే ఉండుంటే ఏమనేవాడు?"
రికార్డు చెప్పదు. నాకూ తెలీదు.
అవుననేవాడేమో.
కాదనే పని తప్పిందని
ఆ తాడు పట్టుకునే ఊపిరి పీల్చుకున్నాడేమో.
ఎత్తిన చేతులకి లెక్కుంది,
దించిన చేతులకి లేదు.

"మరి ఆ ఐదుగురు? ఎవర్ని దించడానికి వెళ్లారట?"
వెతికాను.
కారణం రాసే గడి లేదు.

ప్రింటు అడిగింది. పేజీకి పది సెంట్లు,
వద్దన్నా నాణేలు లెక్కపెట్టి ఇచ్చింది.
ఉత్తరం చింపలేదు.
స్టాంపు మాత్రం తడి వేలితో, మూలలు చిరక్కుండా ఊడదీసి
మందుల చీటీ మీద అంటించుకుని
మెట్లెక్కి వెళ్లిపోయింది.

మంగళవారం ఓటర్ల పట్టీ దగ్గర నా డ్యూటీ.
నాలుగు దాటాక వచ్చింది.
తెర వెనక చాలాసేపుంది, బయట వరుస గొణిగేంత సేపు.
ఏం చేసిందో ఎప్పటికీ ఎవరూ వెతికి చూడలేరు.
నాకు తెలిసిందల్లా పట్టీలో ఆమె పేరు పక్కన
నా పెన్సిలుతో నేను పెట్టిన టిక్కు.

హాజరు.